సిఫారసు ఉత్తరము



నేడు నేను ముచ్చటింపదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. ఒక కాగితము, దానిపై నాలుగు పంక్తులు, క్రింద నొక సంతకము, మీద నొక పదవి పేరు. దానినే మనము సిఫారసు ఉత్తరమందుము. ఈ మాట పారసీకము నుండి వచ్చినది. దరఖాస్తు, గుమాస్తా మొదలగునవి దాని చుట్టములు. మాట పరదేశము నుండి వచ్చినను, వస్తువు మాత్రము మన యింటి బిడ్డవలెనే పెరిగినది. కొలువు కావలసినను, కొలువున్న చోటు మాఱవలసినను, ఆసుపత్రిలో మంచము కావలసినను, మనవారు మొదట తలచునది నియమమును గాదు; తెలిసిన పెద్దమనిషిని.

రాజమహేంద్రవరమున గాని, కాకినాడలో గాని, అమలాపురమున గాని, భీమవరమున గాని, ప్రజాప్రతినిధి యింటికి ప్రొద్దుటివేళ నేగి చూడుడు. అఱుగుమీద పదిమంది, వాకిట పదిమంది వేచియుందురు. ఒకని చేత పట్టాల నకళ్లు గల సంచి. మఱియొకని చేత తోటలో పండిన అరటిగెల. ఒకడు కొమారునికి విద్యుచ్ఛాఖలో పని కావలెనని వచ్చినవాడు. ఒకడు కోడలికి దగ్గఱి బడికి బదిలీ కావలెనని వచ్చినవాడు. తిరుమలలో శ్రీవారి దర్శనమునకై ఉత్తరము కోరి వచ్చినవారును ఆ గుంపులోనే యుందురు. సర్వాంతర్యామికి సైతము మన పేరు ఇంకొకరు చెప్పనిదే తెలియదేమో యని మన సందేహము కాబోలు!

"ఆయ్, మావోడు డిగ్రీ ప్యాసయ్యాడండి బాబూ. తమరో ముక్క రాసిస్తే వాడి బతుకు ఒడ్డెక్కుద్ది" అని ఆ తండ్రి చేతులు జోడించును. నాయకుడు తలయూపును. లోపల నున్న వ్రాయసకాడు ముందుగనే అచ్చొత్తించి యుంచిన కాగితమును దీసి, పేరొక్కటి నింపి తెచ్చును. అందులో నుండునది దాదాపు ఎల్లప్పుడు నొక్కటియే: ఈ యుత్తరము తెచ్చువాడు నాకు చిరకాలముగ దెలిసినవాడు, యోగ్యుడు, కష్టించి పనిచేయువాడు, వీలునుబట్టి సహాయము చేయగోరెదను.

ఈ నాలుగు ముక్కలను వ్యాకరణము చదివినవాడు విప్పిచూచిన నేమి తేలును? చిరకాలముగ దెలిసినవాడన్నచో, ఆ పరిచయము వాకిట నిలిచి నమస్కరించిన యైదు నిమిషములది. యోగ్యుడన్నచో, ఆ యోగ్యతను వ్రాసినవాడు పరీక్షింపలేదు. కష్టించువాడన్నచో, ఆ కష్టమును కన్నులార చూడలేదు. మిగిలినది 'వీలునుబట్టి' యను నొక్క మాట. ఉత్తరములోని బరువంతయు దానియందే యున్నది. అధికారి చదువునది పంక్తులను గాదు, పైనున్న పదవి పేరును. కావున నిది చూపునకు సాక్ష్యపత్రము, పనికి ఒత్తిడి.

ఇట్లన్నంతమాత్రమున ఆ తండ్రిని పరిహసింపవలదు. అతని భయము నిజమైనది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప, కాలువలు పాఱి, ఈ సీమ వరిచేలతో నిండినది. ధాన్యము వెనుక చదువు వచ్చినది. రాజమహేంద్రవరమున 1853లో నెలకొన్న పాఠశాల పిమ్మట కళాశాల యైనది. కాకినాడలో పిఠాపురపు రాజావారి పేరిట 1884లో కళాశాల యేర్పడినది. భీమవరమున 1945లో, నరసాపురమున 1949లో కళాశాలలు వెలసినవి. ఇట్లు చదివినవారు పెరుగుచుండగా పొలములు పెరుగలేదు. అన్నదమ్ములు పంచుకొనగా పంచుకొనగా తాతనాటి కమతము మనుమనినాటికి గట్టునకు గట్టు తగులునంత చిన్నదైనది. కౌలుదారునకు ఆ గట్టును తనది కాదు. గాలివాన వచ్చిన యేట గింజ యింటికి రాదు. నెల తిరుగుసరికి జీతము వచ్చు కొలువొక్కటియే ఎండకు వానకు చెడని పంట. పెండ్లిసంబంధమునందు సైతము వరుని విద్యకంటె కొలువునకే వెల యెక్కువ. ఇట్టిచో తండ్రి నాయకుని వాకిట నిలుచుట ఆశచేత కాదు, భీతిచేత. 'అందఱును ఉత్తరములు తెచ్చుచున్నారు, నేనొక్కడను తేకున్న మావాడు వెనుకబడునేమో' యని యతని దిగులు.

పరిచయము చెప్పుకొని కొలువు కోరుట కొత్తది కాదు. తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వమును తలచుకొనుడు. అజ్ఞాతవాసమునకు విరాటుని నగరు జొచ్చిన పాండవులు ఉద్యోగార్థులే కదా! కంకుడు తాను ధర్మరాజు మిత్రుడననెను. వలలుడు తాను ధర్మరాజు వంటయింట పనిచేసితి ననెను. నకుల సహదేవులు ఆ రాజు గుఱ్ఱములను, ఆవులను కాచితిమనిరి. తన్ను గూర్చి తానే సాక్ష్యము చెప్పుకొన్న ధర్మరాజును చూచి మనము నవ్వుకొనవచ్చును. కాని యిందొక సూక్ష్మము గలదు. వారు చెప్పుకొన్న పేరు ఎవనిది? రాజ్యము గోల్పోయి, పండ్రెండేండ్లు అడవుల పాలైన వానిది. ఆ పేరు విని విరాటుడు వెఱవవలసిన పనిలేదు. ఆ పేరువలన అతనికి లాభమును లేదు. 'ఈ పని నే నెఱుగుదును, అచ్చట చేసితిని' యని చెప్పుటకు మాత్రమే యది యుపకరించినది. అంతటితో విడువక విరాటుడు బృహన్నల విద్యను పరీక్షించిన పిదపనే కూతును శిష్యురాలిగా నప్పగించెను.

ద్రోణుని కథ ఇంతకంటె లోతైనది. అతడు మొదట చిన్ననాటి చెలిమిని చెప్పుకొని ద్రుపదుని యాశ్రయించి భంగపడెను. ఆ యవమానము రెండు కులములను దహించు పగ యైనది. పిమ్మట హస్తినాపురమున కేగి, బావిలో బడిన బాలుర బంతిని తన యస్త్రవిద్యచే వెలికిదీసి చూపెను. ఆ బాలురు పరుగున బోయి తాము చూచినది భీష్మునకు చెప్పిరి. భీష్ముడు పిలిపించి గురుపీఠమున గూర్చుండబెట్టెను. నా మతమున లోకములోని సిఫారసులలో నుత్తమమైనది ఆ బాలుర మాట. చూచినవారు చూచినదానిని చెప్పిరి. అంతకుమించి యొక్క మాట యేని కలుపలేదు. పెద్ద కొలువులోని పరిచయము చేయలేని పనిని, పిల్లల సాక్ష్యము చేసినది.

ఇందుండి నే గ్రహించు ధర్మ మొక్కటి. సిఫారసు సాక్ష్యమైనప్పుడు మంచిది, ఒత్తిడియైనప్పుడు చెడ్డది. ఎఱిగినవాడు ఎఱిగినంత వ్రాయుట సాక్ష్యము. ఎఱుగనివాడు తన పదవిని చూపి వ్రాయుట ఒత్తిడి.

నేను పెక్కేండ్లు బడిపంతులుగ నుండి, విద్యార్థులకు నడవడి పత్రములు వ్రాసి యిచ్చితిని. వాని కొక యచ్చు మాట గలదు: నడవడి మంచిది. అందఱకు నదే మాట యగుటచే అది యెవ్వరికిని ఉపయోగపడదు. ఒకమాఱు మా బడిలో చదివిన యొక కుఱ్ఱవాడు బియ్యపు మిల్లులో లెక్కల గుమాస్తా పనికి బోవుచు నా యొద్దకు వచ్చెను. నేనిట్లు వ్రాసితిని: ఇతడు లెక్కలలో తప్పు చేయుట నే నరుదుగ చూచితిని, చేతివ్రాత బాగుండదు, ఆంగ్లము కొలదిగ వచ్చును, అప్పగించిన పైకమునకు పైసతో గూడ లెక్క చెప్పినవాడు. కుఱ్ఱవాడు దానిని చదివి మొగము చిన్నబుచ్చుకొనెను. "ఏమండి మాస్టారూ, చేతివ్రాత సంగతి ఎందుకండి?" అనెను. "అది యుండుటచేతనే తక్కినవి నమ్ముదురు నాయనా" యంటిని. మిల్లు యజమాని నమ్మెను. మెచ్చికోళ్ల నడుమ నొక్క లోపమును జెప్పిన యుత్తరము, నూఱు ప్రశంసలకంటె బలమైనది. ఏలన, వ్రాసినవా డతనిని నిజముగ నెఱుగునని యది తెలుపును.

ఒత్తిడి యుత్తరమువలన చెడువారు నలుగురు. మొదటివాడు వ్రాసిన నాయకుడు. ఒక్క ఖాళీకి పదిమంది వచ్చినచో, కాదనలేక పదిమందికిని వ్రాసియిచ్చును. పదుగురును చిరకాల పరిచితులే. ఒకనికి కొలువు వచ్చును. తొమ్మండ్రు 'ఆయన గట్టిగ చెప్పలేదు' అని తిట్టుకొందురు. శాసనములు చదువవలసిన ప్రాతఃకాలమంతయు సంతకములతో గడచిపోవును. రెండవవాడు అధికారి. ఉత్తరమును మన్నించెనా, ధర్మము తప్పును. మన్నింపడా, తన బదిలీ యుత్తరము ఎప్పుడు వచ్చునో యని యెదురుచూడవలెను. పైగా అట్లు వచ్చి చేరిన గుమాస్తాను 'ఆలస్యముగ నేల వచ్చితివి?' అని యడుగుటకును నోరాడదు.

మూడవవాడు కొలువు పొందినవాడే. నిజముగ యోగ్యుడైనను అతని మనసున నొక ముల్లు మిగులును. ఇది నా విద్యకు వచ్చినదా, ఆ కాగితమునకు వచ్చినదా యని. లోకమును అతని యోగ్యతను నమ్మదు. ఇక దళారుల చేతబడినచో చెప్పనక్కఱలేదు. 'నాయకుని సంతకము తెచ్చెదను' అని చెప్పి, తల్లి మెడలోని పుస్తెలత్రాడు వఱకు అమ్మించువారు గలరు. కొలువు రాదు, సొమ్మును రాదు. లంచ మిచ్చితినని చెప్పుకొనుటకు నోరు రాక ఆ కుటుంబము లోలోపల కుములును.

నాలుగవవాడు కనబడనివాడు. అతడా వాకిట లేడు. కోనసీమ లంకలలో నొక యూర నుండును. పడవ దాటి, బస్సెక్కి, పట్టణమునకు వచ్చి నాయకుని చూచుటకు అతని తండ్రికి ఒక దినపు కూలి పోవును. నాయకుని యింట చుట్టములు లేరు, కులపెద్దల యండ లేదు. దీపపు వెలుగున చదివి, అందఱికంటె నాలుగు మార్కులు హెచ్చుగ తెచ్చుకొనియుండును. పని తనకు రాలేదని యెఱుగును గాని, ఎవ్వరు గొనిపోయిరో యెఱుగడు. సిఫారసు ఉత్తరమున కనబడునది ఒక్కనికి చేసిన యుపకారము. కనబడనిది ఈ బాలునికి చేసిన యపకారము. మనము మొదటిదానిని దయ యందుము; రెండవదానికి పేరే పెట్టలేదు.

ఇది నేటి సంగతియే యనుకొనవలదు. స్వాతంత్ర్యము వచ్చి ఆఱు మాసములైన నిండకమునుపే, గుంటూరు వాసి దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు మహాత్మాగాంధికి ఒక లేఖ వ్రాసిరి. అప్పటికాయన ఎనుబదేండ్లు దాటిన వృద్ధులు. జీవితమంతయు కాంగ్రెసుకు ధారపోసినవారు. అధికారపు రుచి తమవారి తలకెక్కినదనియు, శాసనసభ్యులు కొందఱు తమ పలుకుబడిని సొమ్ము చేసికొనుచున్నారనియు, న్యాయస్థానముల పనికిని అడ్డు వచ్చుచున్నారనియు, వారి జోక్యముచే కలెక్టరులు, రెవిన్యూ ఉద్యోగులు స్వేచ్ఛగ పనిచేయలేకున్నారనియు ఆయన వాపోయిరి. గాంధీజీ దానిని దాచలేదు. 1948 జనవరి 12వ తేదీన, ఢిల్లీలో తన కడపటి నిరాహారదీక్షను ప్రకటించిన ప్రార్థనాసభ ప్రసంగమునందే ఆ లేఖను లోకమునకు వినిపించెను. పదునెనిమిది దినములకు ఆయన నేలగూలెను. కడపటి మాసమున ఆయనను బాధించిన లేఖలలో నొకటి తెలుగునేల నుండి, అదియు పలుకుబడిని గూర్చి, పోయినదని మనము మఱువరాదు. ఉత్తరముచేత పుట్టిన రోగమును ఒక యుత్తరమే బయటపెట్టినది.

అంతకు పూర్వము మన రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, కచ్చేరీలలోని లంచగొండితనమును పేరుపెట్టి ఖండించిరి. అన్యదేశములును ఈ రోగ మెఱుగనివి కావు. ఈస్టిండియా కంపెనీవారి దొరతన ముద్యోగములు డైరెక్టరుల యిష్టులకే పోవుచుండెను. 1853నాటి చార్టరు శాసనము ఆ పద్ధతిని రద్దుచేయగా, 1855లో పోటీపరీక్ష మొదలైనది. అమెరికాలో 1881 జూలై 2వ తేదీన గార్ఫీల్డు అధ్యక్షుని తుపాకితో కాల్చినవాడు, కోరిన కొలువు దొరకలేదని యలిగిన యొక యుద్యోగార్థి. ఆ గాయముచే అధ్యక్షుడు సెప్టెంబరు 19న మరణించెను. అప్పటికి గాని వారికి కన్ను తెఱువలేదు. 1883లో పరీక్షలచే ఉద్యోగము లిచ్చు శాసనము చేసిరి. కొలువులు నాయకుల చేతి ప్రసాదములైనచో, ప్రసాదము దొరకనివానికి దేవునిమీదనే కోపము వచ్చును.

మన దేశమున మార్గము లేకపోలేదు. రాష్ట్రములలో మొట్టమొదటి సర్వీసు కమిషను 1929నాటి శాసనముచే మద్రాసున నేర్పడినది; నాడు ఈ గోదావరి మండలములును ఆ రాష్ట్రములోనివే. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినప్పుడు దానికి వేఱుగ కమిషను వచ్చినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునాఱవ యధికరణమున ప్రభుత్వోద్యోగములందు పౌరులందఱకు సమానావకాశమును హామీ యిచ్చినది. 1964నాటి నడవడి నియమముల ననుసరించి, ఉద్యోగి తన సర్వీసు విషయమున రాజకీయపు ఒత్తిడి తెచ్చుటయే తప్పు. కేంద్రమున క్రింది తరగతుల కొలువులకు 2016 జనవరి 1 నుండి ముఖాముఖి పరీక్షను తొలగించిరి; మార్కులు తప్ప మొగము చూడనక్కఱలేదు. 2019లో గ్రామ వార్డు సచివాలయములకు లక్షకు పైగా నుద్యోగములను వ్రాతపరీక్షతోనే నింపిరి. ఆ సచివాలయముల ప్రారంభము ఆ యేటి గాంధీజయంతినాడు కాకినాడ దాపున నున్న కరప గ్రామమునందే జరిగినది.

ఐనను ఉత్తరము చావలేదు. పరీక్ష కాపలా కాయు ద్వారమును వదలి, కాపలా లేని ద్వారములను వెదకికొనినది. తాత్కాలికపు పనులు, గుత్తదారుల ద్వారా నిచ్చు పనులు, బదిలీలు, డిప్యుటేషనులు, ఇవియే నేడు దాని నెలవులు. ఎచ్చట ఖాళీని బహిరంగముగ ప్రకటింపరో, ఎచ్చట ఫలితమును గోడమీద అంటింపరో, అచ్చట నీ కాగితము మొలకెత్తును.

'మఱి బీదవాని మొఱ వినుటకు నాయకుడు గాక యింకెవ్వడు?' అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అర్హత గలిగియు పింఛను అందని విధవరాలి కాగితము ఆఱు నెలలు కదలకున్నచో, 'నియమప్రకారము త్వరగ పరిష్కరింపుడు' అని వ్రాయుట నాయకుని ధర్మము. అది యెవ్వని వాటాను లాగికొనదు. ఆమెకు రావలసినదానిని రప్పించును. నియమము నడవలేదని వ్రాయుట వేఱు, నియమమును దాటుమని వ్రాయుట వేఱు. ఈ రెండింటి నడుమనున్న గీటును నాయకుడు చూడగలిగినచో సగము పని తీఱును.

సహాయము చేయ నిచ్చగలవారికి చక్కని దారి యింకొకటి గలదు. ఒంగోలున పూటకూళ్లు నడపుకొను తల్లి పెంచిన యొక చుఱుకైన బాలుని, ఇమ్మానేని హనుమంతరావు నాయుడను ఉపాధ్యాయుడు తనతో రాజమహేంద్రవరమునకు దీసికొనివచ్చి చదివించెను. ఎవరికిని ఉత్తరము వ్రాయలేదు, చదువు చెప్పించెను. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశము పంతులు. ఆయన ఈ పట్టణపు పురపాలక సంఘమునకు అధ్యక్షుడై, బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. కొలువు ఇప్పించినవాడు ఒక పూట అన్నము పెట్టినవాడు. చదివించినవాడు చేను దున్ని యిచ్చినవాడు.

కావున తండ్రులకు నా మనవి. నాయకుని వాకిటికి పోవలదనను. పోయినప్పుడు మీ యొక్కని కొలువును గాక, ఊరందఱి కుపకరించుదాని నడుగుడు. ఖాళీల నెప్పటికప్పుడు ప్రకటింపుడనుడు. పరీక్షలు సకాలమున జరుపుడనుడు. పట్టణమున వసతిగృహమును, ఊర గ్రంథాలయమును కోరుడు. నలుగురు కలిసి అడుగు మాటకు సిగ్గు లేదు. ఒక్కడు చాటున అడుగు మాటకే సిగ్గు.

యువకులారా, మీ విజ్ఞాపనమును మీరే వ్రాసికొనుడు. బ్రతిమాలు మాటలు వలదు, బిరుదములు వలదు. నాకు వచ్చినది యిది, చేసినది యిది, రానిదానిని నేర్చికొందునని సూటిగ వ్రాయుడు. సాక్ష్యము కావలసినచో మిమ్ము చదివించిన గురువును, మీ చేత పని చేయించిన యజమానిని అడుగుడు. మిమ్మెఱుగని మహారాజు సంతకముకంటె, మిమ్మెఱిగిన మేస్త్రి మాట విలువైనది.

నాయకులకు నేను చెప్పగలవాడను గాను. ఐనను వోటరునుగ నొక్క మాట. కలము చేత బట్టినప్పుడు, ఎదుట నిలిచినవానిని చూచినట్లే, ఆ వాకిటికి రాలేకపోయిన లంకయూరి బాలునిగూడ నొక్కమాఱు తలచుకొనుడు. అతనికిని మీరే ప్రతినిధులు.